ఇంటికి దూరంగా.. కళకు దగ్గరగా!

పరీక్షలు ముగిశాయి. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడి ఊసుండదు. మొదటి నాలుగు రోజులూ సరదాగానే గడుస్తుంది. ఆ తర్వాత తలుపులేసిన గది, చేతిలో ఫోను, పదకొండింటికి టిఫిను, రాత్రి ఒంటిగంటకు నిద్ర! సరిగ్గా అప్పుడే ఎవరో కబురు చెబుతారు.. ఫలానా చోట పిల్లలకు వేసవి కళా శిబిరం పెడుతున్నారట, రెండు వారాలు అక్కడే ఉంచుకుని నాట్యం, పాట, నాటకం, కలంకారీ నేర్పుతారట అని. పంపాలా, వద్దా? అన్నం తింటుందా? రాత్రిపూట ఏడుస్తాడా? జ్వరమొస్తే చూసేదెవరు? ఇన్ని సందేహాల మధ్య చాలామంది చివరికి అడిగేది ఒకటే.. 'ఆఖరి రోజు ప్రదర్శన ఉంటుందా? సర్టిఫికెట్ ఇస్తారా?' అని. నిజానికి పిల్లలకు మేలు చేసేదైనా, చేటు చేసేదైనా ఆ ఆఖరి రోజు కాదు. దానికి ముందు గడిచే మామూలు రోజులే! ఏ వేళకు నిద్రపోయారు, ఏం తిన్నారు, ఎండలో ఎంతసేపు ఉన్నారు, బెంగ కలిగితే ఎవరి దగ్గరకు వెళ్లారు.. ఇవీ చూసుకోవాల్సినవి. శిబిరాన్ని ఎంచుకునే ముందు, పిల్లల్ని పంపే ముందు మీరు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవిగో.

మన గడ్డకు కొత్త కాదు

ఇల్లు విడిచి వెళ్లి కళ నేర్చుకోవటం కృష్ణా డెల్టాకు కొత్త సంగతేం కాదు. బందరు, గుడివాడ, అవనిగడ్డ.. ఎటు నుంచి బయల్దేరినా కాసేపట్లో చేరుకునే కూచిపూడిలో తరతరాలుగా చదువంటే గురువుగారి చెంత ఉండి నేర్చుకోవటమే. అడుగులొక్కటే కాదు, పాట, తాళం, సంభాషణ, ముఖానికి రంగు వేసుకోవటం.. అన్నీ అక్కడే వంటబట్టేవి. ఒకప్పుడు ఆ మేళాల్లో ఆడవేషాలు కూడా మగపిల్లలే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ వేషంతోనే దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. అదే ఊళ్లో 1929లో పుట్టిన వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఎందరినో తీర్చిదిద్దారు.

ఇటు బందరులో 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. బెంగాల్ నుంచి వచ్చిన ప్రమోదకుమార్ చటర్జీ అక్కడ చిత్రలేఖనం నేర్పారు. ఆయన దగ్గర కుంచె పట్టిన అడివి బాపిరాజు తర్వాతి కాలంలో అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. బొమ్మలు గీయటాన్ని 'పనిలేని పని'గా కాక, చదువులో భాగంగా చూసిన చోటు అది.

అయితే ఈ కథకు రెండో వైపు కూడా ఉంది. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీతం కోసం చిన్న వయసులోనే విజయనగరం వెళ్లిపోయారు. పాట మీద ప్రేమ ఎంతున్నా కడుపు నిండాలిగా! తిండి కోసం ఆ పిల్లాడు మధుకరం ఎత్తుకోవాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో గురువు పట్రాయని సీతారామశాస్త్రి ఆదరించి నేర్పారు. ఇల్లు విడిచిన పిల్లలకు కళ ఒక్కటే సరిపోదు. వేళకు తిండి, కంటికి రెప్పలా చూసుకునే ఒక పెద్దమనిషి కూడా కావాలి. ఇప్పుడు మీరు ఏ శిబిరానికి డబ్బు కడుతున్నా ముందుగా చూడాల్సింది ఈ రెండూ ఉన్నాయా అన్నదే.

కళతో ఆరోగ్యానికేంటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఓ పెద్ద నివేదిక వెలువరించింది. కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద జరిగిన 3,000కు పైగా అధ్యయనాలను అందులో పరిశీలించారు. పిల్లల ఎదుగుదల నుంచి పెద్దల్లో దీర్ఘకాలిక జబ్బుల దాకా కళలు తోడ్పడతాయని తేలింది. మన పిల్లల విషయంలో దీన్ని మామూలు మాటల్లో చెప్పుకోవాలంటే..

నాట్యం: 5-17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలేలా, గుండె వేగం పెరిగేలా శ్రమ చెయ్యాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు. ఆటల పోటీలంటే వెనకడుగు వేసే పిల్లలు కూడా నాట్యం పేరుతో ఈ లెక్కను హాయిగా పూర్తి చేస్తారు.

పాట: ఊపిరిని నెమ్మదిగా వదలటం, వంగిపోకుండా కూర్చోవటం, పక్కవాళ్ల గొంతు వింటూ తన గొంతు కలపటం అలవాటవుతాయి.

నాటకం: కోపం, భయం, సిగ్గు లాంటివాటికి పేరు పెట్టి పైకి చెప్పటం వస్తుంది. నలుగురిలో నోరు మెదపని పిల్లలకు ఇంకొకరి మాటలు పలకటం తన మాట చెప్పటం కన్నా తేలిక.

బొమ్మలు, కలంకారీ: ఒకే పని మీద గంటసేపు మనసు నిలుస్తుంది. ఐదు సెకన్లకో వీడియో మార్చే వేళ్లకు ఇది పెద్ద మార్పే!

అలాగని రెండు వారాల శిబిరంతో చురుకుదనం అమాంతం పెరిగిపోతుందనో, చదువులో మొదటి ర్యాంకు వస్తుందనో ఆశ పెట్టుకోవద్దు. ఆందోళన, కుంగుబాటు, ఏకాగ్రత లోపం లాంటి సమస్యలకు చికిత్స తీసుకుంటున్న పిల్లలకు ఇది ఆ చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. వైద్యుల సలహాతో, మందులు మానకుండా పంపొచ్చు.

పది రోజుల్లో ప్రదర్శనా?

బందరు పక్కనే ఉన్న పెడనలో కలంకారీ బట్ట ఎలా తయారవుతుందో చూశారా? ముందు గుడ్డను ఉతికి కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండబెడతారు. తర్వాత చెక్క అచ్చులతో ముద్ర వేస్తారు. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టాలి. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్దాలి. ఆరబెట్టాలి, పారే నీళ్లలో జాడించాలి, రంగుబానలో ఉడకబెట్టాలి, మళ్లీ ఎండబెట్టాలి. ఏ ఒక్క దశలో తొందరపడినా రంగు పట్టదు!

పిల్లల సంగతీ అంతే. 'రెండు వారాల్లో వేదిక ఎక్కిస్తాం' అని గట్టిగా చెప్పే చోట ఏం జరుగుతుందో ఊహించండి. నాలుగో రోజు నుంచే ఆ ఒక్క అంశాన్నీ రోజుకు ఆరేడు గంటలు తిప్పితిప్పి చేయిస్తారు. బాగా చేసేవాళ్లు ముందు వరసలోకి, తడబడేవాళ్లు వెనక్కి. నిద్ర తగ్గుతుంది, తిండి వేళ తప్పుతుంది, మోకాలు నొప్పి అన్నా 'రేపే ప్రోగ్రాం, ఓర్చుకో' అంటారు. ఆ ఫొటో మీ ఇంటి గోడ మీద బాగానే ఉంటుంది. కానీ ఆ పిల్లకు మళ్లీ గజ్జె కట్టాలన్న కోరిక మిగిలిందా అన్నది ఫొటోలో కనబడదు.

మంచి శిబిరంలో చివరి రోజు 'ప్రదర్శన' కన్నా 'ఇదిగో, మేం నేర్చుకున్నది ఇంత' అని చూపించటం ఉంటుంది. అడుగు తప్పినా నవ్వుకునే వీలుంటుంది. మొదటి వేసవిలోనే ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబెట్టి తరంగం చేయించాలని చూసే చోటుకు దూరంగా ఉండండి. అది ఏళ్ల సాధన తర్వాతి మాట.

మీ బిడ్డ సిద్ధమేనా?

ఫలానా వయసు రాగానే పంపెయ్యొచ్చని గీత గీయలేం. సాధారణంగా ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికొచ్చే శిక్షణే మంచిది. ఆపై వయసువాళ్ల విషయంలో వీటిని గమనించండి.

- అమ్మానాన్నలు లేకుండా అమ్మమ్మ ఇంట్లోనో, పిన్ని ఇంట్లోనో రెండు మూడు రాత్రులు ఉండగలిగారా?
- స్నానం, జడ, బట్టలు, కంచం.. తన పని తాను చేసుకుంటున్నారా?
- కడుపునొప్పి, తలనొప్పి లాంటివి కొత్తవాళ్లకు కూడా చెప్పగలరా?
- వెళ్లాలన్న కోరిక పిల్లలదా, మీదా?

ఈ చివరి ప్రశ్న అన్నింటికన్నా ముఖ్యం. 'నాకు చిన్నప్పుడు కుదర్లేదు, నా కూతురైనా నేర్చుకోవాలి' అన్న కోరిక తప్పు కాదు. కానీ పదేళ్ల పిల్ల ఆ బరువు మోస్తూ వెళితే అక్కడి ప్రతి రోజూ పరీక్షలాగే ఉంటుంది. రెండు మూడు శిబిరాల వివరాలు ముందు పెట్టి ఎంచుకునే అవకాశం ఇవ్వండి. ఈ మధ్యే ఇంట్లో ఎవరైనా పోయినా, పెద్ద జబ్బు నుంచి తేరుకుంటున్నా, ఇల్లు మారినా ఈ ఏటికి ఆగటం మేలు.

నిద్రలో పక్క తడిపే అలవాటుందని చాలామంది తల్లులు పంపటానికి జంకుతారు. పదేళ్ల వయసులో కూడా నూటికి దాదాపు ఐదుగురు పిల్లల్లో ఇది ఉంటుంది. సిగ్గుపడాల్సిన విషయం కాదు. వెళ్లటానికి నెల ముందే పిల్లల వైద్యుణ్ని కలవండి. శిబిరంలో ఒక్క వార్డెన్‌కు మాత్రం చెప్పి ఉంచండి. రబ్బరు షీటు, అదనంగా రెండు జతలు సంచిలో పెడితే ఎవరికీ తెలియకుండానే గడిచిపోతుంది.

బెంగ పెట్టుకుంటే?

బెంగ పెట్టుకోని పిల్లలు తక్కువ. అది ప్రేమకు గుర్తే గానీ జబ్బు కాదు. మొదటి రెండు మూడు రోజులు, ముఖ్యంగా పొద్దు వాలేవేళ, పడుకునే ముందు ఎక్కువగా ఉంటుంది. చాలామందిలో పనిలో పడేకొద్దీ తగ్గిపోతుంది.

దీని మీద అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2007లో వైద్యులకు కొన్ని సూచనలు చేసింది. వాటిలో మన తల్లిదండ్రులంతా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. బయల్దేరేటప్పుడు 'నీకు నచ్చకపోతే ఫోన్ చెయ్యమ్మా, వెంటనే వచ్చి తీసుకొచ్చేస్తా' అని మాట ఇవ్వొద్దు! పిల్లలకు అందులో వినబడేది 'నువ్వు అక్కడ ఉండలేవని నాకు తెలుసు' అన్న మాటే. పైగా బెంగ కలిగిన మొదటి నిమిషంలోనే దాన్ని దాటే ప్రయత్నం మానేసి ఫోను కోసం చూస్తారు. దానికి బదులు ఇలా చెప్పొచ్చు: 'మొదట్లో బెంగగానే ఉంటుంది నాన్నా. అందరికీ ఉంటుంది. అప్పుడు మాస్టారితోనో, పక్క మంచం అక్కతోనో చెప్పు. ఆదివారం మేం మాట్లాడతాం.'

ఇంకొన్ని మెలకువలు..

- క్యాలెండరులో వెళ్లే రోజు, వచ్చే రోజు గుర్తు పెట్టి చూపించండి. మధ్యలో ఎన్ని రాత్రులో లెక్క తెలిస్తే ధైర్యం.
- రోజుకు నాలుగుసార్లు ఫోన్ చెయ్యొద్దు. మీ గొంతు వినగానే మానిన పుండు మళ్లీ రేగినట్టవుతుంది. శిబిరం వాళ్లు చెప్పిన వేళకే మాట్లాడండి.
- ఉత్తరం రాయండి. ఇంట్లో కుక్కపిల్ల ఏం చేసింది, మామిడిచెట్టు ఎన్ని కాయలు కాసింది లాంటి కబుర్లు రాయండి. 'నువ్వు లేక ఇల్లు బావురుమంటోంది' అని మాత్రం వద్దు.
- ఇంటి దుప్పటో, తలగడ గలేబో వెంట పంపండి. తెలిసిన వాసన నిద్ర పట్టిస్తుంది.

ఓర్చుకోమని చెప్పకూడని సందర్భాలూ ఉంటాయి. రెండు మూడు రోజులుగా అన్నం ముట్టకపోవటం, రాత్రంతా నిద్ర లేకపోవటం, ఎవరో ఒక వ్యక్తి పేరెత్తితేనే భయపడటం, తనను తాను గాయపరచుకుంటాననటం.. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చెయ్యకుండా వెళ్లి తీసుకొచ్చెయ్యండి. మానసిక సమస్యలకు 'టెలి మానస్' నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు.

ఎండ తక్కువే.. ఉక్కపోత ఎక్కువ

2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. మన ప్రాంతంలో వేసవి శిబిరమంటే ముందుగా దీని గురించే ఆలోచించాలి.

బందరు, నాగాయలంక, కోడూరు లాంటి తీరప్రాంతాల్లో ఉష్ణోగ్రత లోపలి ఊళ్ల కన్నా ఒకటి రెండు డిగ్రీలు తక్కువే కనబడొచ్చు. కానీ గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది గానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది కాబట్టి థర్మామీటరులో అంకె చూసి ఫర్వాలేదనుకోవటానికి లేదు. వాతావరణ శాఖ కూడా వడగాడ్పులను లెక్కించేటప్పుడు మైదానాలకు 40 డిగ్రీలు, తీరప్రాంతాలకు 37 డిగ్రీల నుంచే చూస్తుంది.

మరో విషయం.. ఏసీ గదుల్లో పెరిగిన పిల్లల శరీరం వేడికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కాబట్టి వెళ్లే ముందు పది రోజుల పాటు పొద్దున్నో, సాయంత్రమో అరగంట ఆరుబయట ఆడనివ్వండి. శిబిరంలోనూ మొదటి మూడు నాలుగు రోజులు సాధన తేలిగ్గా ఉండాలి.

- నాట్యం, ఆటలు ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత. మధ్యాహ్నం నీడలో కూర్చుని చేసే పనులు: పాట, బొమ్మలు, కథలు, కాసేపు నిద్ర.
- సాధన మధ్యలో ప్రతి 20 నిమిషాలకూ అరగ్లాసు నుంచి గ్లాసు వరకూ నీళ్లు. దాహం వేసేదాకా ఆగకూడదు. మజ్జిగ, కొబ్బరినీళ్లు మంచివే. కూల్‌డ్రింకులు వద్దు.
- మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్లు చాలట్లేదని అర్థం. మరుగుదొడ్డి బాగాలేదని ఆడపిల్లలు నీళ్లు తాగటమే తగ్గించేస్తారు. శిబిరం చూడటానికి వెళ్లినప్పుడు ముందు మరుగుదొడ్లే చూడండి!
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తాన్నీ లీటరు నీళ్లలో కలపాలి. కొంచెం కొంచెం పొడి గ్లాసులో వేసుకోవటం సరికాదు. కలిపింది 24 గంటల్లో వాడెయ్యాలి.

తల తిరగటం, వాంతి, కాళ్లు పిక్కలు పట్టెయ్యటం ఉంటే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఓఆర్‌ఎస్ తాగించాలి. మాట తడబడినా, అయోమయంగా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. బండి వచ్చేలోపు ఒళ్లంతా తడిపి విసరాలి, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టాలి. స్పృహ లేని పిల్లల నోట్లో నీళ్లు పొయ్యకూడదు.

పాదాలు, మోకాళ్లు, గొంతు

కూచిపూడి నాట్యంలో పాదాన్ని నేలకు బలంగా తాటించాలి, మోకాళ్లు వంచి నిలబడాలి. అదీ ఉత్త పాదాలతో. ఇంతవరకూ రోజుకు అరగంట కూడా నడవని పిల్లలు ఒక్కసారిగా సిమెంటు గచ్చు మీద నాలుగైదు గంటలు చేస్తే ఏమవుతుంది? ఎదిగే వయసులో ఎముకల చివర్లలో ఉండే ఎదుగుదల పలకలు సున్నితంగా ఉంటాయి. కండరం లాగినప్పుడల్లా వాటి మీద ఒత్తిడి పడి మోకాలి చిప్ప కింద, మడమ వెనక నొప్పి వస్తుంది. పది పద్నాలుగేళ్ల మధ్య ఇది ఎక్కువ. కొద్దిరోజుల విశ్రాంతి, ఐసు కాపడం, సాధన తగ్గించటంతో చాలావరకూ సర్దుకుంటుంది. నొప్పిని పట్టించుకోకుండా చేస్తూ పోతేనే ముదురుతుంది.

సాధన ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించే కదలికలు, తర్వాత కండరాలు సాగదీయటం తప్పనిసరి. వంగినప్పుడు మోకాలు పాదం వేళ్ల దిక్కుకే ఉండాలి, లోపలికి వాలకూడదు. నేల మీద చెక్కో, మందపాటి చాపో ఉంటే మంచిది. వాపు వచ్చినా, కుంటుతున్నా, రాత్రి నిద్రలో నొప్పి లేపుతున్నా ఎముకల వైద్యుణ్ని కలవాలి. ఎండలో కాగిన గచ్చు మీద ఉత్త పాదాలతో అసలు దించకూడదు.

పాట నేర్చుకునే మగపిల్లలకు పన్నెండు పద్నాలుగేళ్ల మధ్య గొంతు మారుతుంది. అప్పుడు పైస్థాయిలో పాడమని ఒత్తిడి చెయ్యొద్దు. మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ వైద్యులకు చూపించాలి. కలంకారీ నేర్పే చోట పిల్లలు అచ్చులు వెయ్యొచ్చు, రంగులు అద్దొచ్చు. ఉడుకుతున్న బానల దగ్గరకు మాత్రం వెళ్లకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లు పొగకూ, రసాయన రంగుల వాసనకూ దూరంగా ఉండాలి.

దివిసీమ రాత్రులు.. నీళ్లు, పాములు

పల్లె వాతావరణంలో శిబిరమంటే పిల్లలకు పండగే. అయితే 2018లో దివిసీమలో పాముకాట్లు ఎంత కలవరపెట్టాయో గుర్తుండే ఉంటుంది. పొలాలు, గడ్డివాములు, ఎలుకలు ఉన్నచోట పాములుంటాయి. ముఖ్యంగా కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి తెలియకపోవచ్చు కూడా. అందుకే పిల్లలు మంచాల మీద, దోమతెర అంచులు పరుపు కిందకు దోపుకుని పడుకోవాలి. రాత్రి బయటకు వెళితే చెప్పులు, టార్చిలైటు ఉండాలి. కాటు వేస్తే తాడు కట్టటం, గాటు పెట్టటం, నోటితో పీల్చటం.. ఏదీ చెయ్యొద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కాటుపడ్డ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అది తమకు దగ్గరలో ఎక్కడుందో నిర్వాహకులకు ముందే తెలిసి ఉండాలి.

మంగినపూడి, హంసలదీవి షికార్లు శిబిరాల్లో మామూలే. సముద్రం ఒడ్డున చూసి ఆనందించాలే గానీ, ఈత వచ్చినా నీళ్లలోకి దిగనివ్వకూడదు. వేసవిలో డెల్టా కాలువలకు నీరు కట్టేస్తారు. ఊళ్లకు చెరువుల్లో నిల్వ చేసిన నీళ్లే ఆధారం కాబట్టి, తాగే నీళ్లు కాచినవో, శుద్ధి చేసినవో అడిగి తెలుసుకోండి.

నిర్వాహకులను ఇవి అడగండి

- ఎంతమంది పిల్లలకు ఎంతమంది పెద్దలు? రాత్రిపూట గదుల దగ్గర ఎవరుంటారు? ఆడపిల్లల వసతికి మహిళా వార్డెన్ ఉన్నారా?
- రోజుకు ఎన్ని గంటల సాధన, ఎన్ని గంటల నిద్ర? 6-12 ఏళ్ల వారికి 9-12 గంటలు, 13-18 ఏళ్ల వారికి 8-10 గంటలు నిద్ర ఉండాలి. తెల్లవారుజామునే లేపుతామంటే రాత్రి ఎనిమిదిన్నరకే పడుకోబెడతారా?
- దగ్గరి ఆసుపత్రి ఏది? రాత్రివేళ వాహనం ఉంటుందా?
- తప్పు చేస్తే ఏం చేస్తారు? 'రెండు దెబ్బలు వేస్తాం' అని నవ్వుతూ చెప్పినా సరే, వెనక్కి వచ్చెయ్యండి. పాత గురుకులాల నుంచి తెచ్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి. బెత్తం వాటిలో లేదు.
- నాట్యం నేర్పేటప్పుడు భంగిమ సరిదిద్దటానికి ఒంటి మీద చెయ్యి వెయ్యాల్సి వస్తుంది. ముందుగా చెప్పి, అందరి ఎదుటే చేస్తారా? గురువు ఏకాంతంగా, తలుపులు మూసి నేర్పే పద్ధతి ఉందా?

పిల్లలకూ సూటిగా చెప్పండి. ఎవరైనా ఇబ్బందిగా తాకినా, 'ఇంట్లో చెప్పొద్దు' అన్నా, వాళ్లెంత పెద్ద గురువైనా సరే మాకు చెప్పొచ్చు, మేం నిన్నే నమ్ముతాం అని. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు కంఠతా వచ్చేలా చూడండి. పోక్సో చట్టం 2012 కింద ఇలాంటివి తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవటం నేరమని నిర్వాహకులకూ తెలియాలి.

పదమూడు దాటితే..

ఈ వయసులో పోల్చుకోవటం ఎక్కువ. 'నువ్వు లావుగా ఉన్నావు, వెనక నిలబడు' అన్న ఒక్క మాటతో అన్నం మానేసే పిల్లలున్నారు. ఒళ్లు తగ్గాలని సలహాలిచ్చే చోటు కళ నేర్పే చోటు కాదు. నెలసరి రోజుల్లో సాధన చెయ్యొచ్చు, నొప్పి ఎక్కువగా ఉంటే విశ్రాంతి అడగొచ్చు.. రెండూ తెలియజెప్పండి. ఇంకా మొదలుకాని పిల్లకు కూడా ప్యాడ్లు ఇచ్చి, ఎలా వాడాలో నేర్పి పంపండి. ఫోను పూర్తిగా తీసుకునే శిబిరమైతే ఆ సంగతి ముందే చెప్పండి. బస్సు దిగాక లాక్కుంటే మొదటి రోజంతా ఆ కోపంతోనే గడుస్తుంది.

సంచిలో ఇవి తప్పనిసరి

వదులు నూలు బట్టలు, టోపీ, పేరు రాసిన నీళ్ల సీసా, పాత మెత్తటి చెప్పులు, దోమతెర, టార్చిలైటు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. ఉబ్బసం, మూర్ఛ, మధుమేహం ఉంటే సరిపడా మందులు, ఇన్‌హేలరు, ఎప్పుడు ఎంత ఇవ్వాలో రాసిన వైద్యుల చీటీ. పడని ఆహారం, మందుల పేర్లు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో. బందరు లడ్డూలు ఓ డబ్బా పెట్టినా తప్పులేదు. పక్క మంచాలవాళ్లతో స్నేహం అక్కడే మొదలవుతుంది!

తిరిగొచ్చాక..

సంచి దించకముందే చుట్టాల ముందు నిలబెట్టి 'ఏదీ, నేర్చుకున్నది చేసి చూపించు' అనకండి. ఒకటి రెండు రోజులు తనివితీరా నిద్రపోనివ్వండి. మాటలు వాటంతటవే వస్తాయి. ఏం నేర్చుకున్నావని కాదు, ఎవరితో పోట్లాడావు, ఎవరితో స్నేహం చేశావు, ఏ రోజు బాగా బెంగ కలిగింది, ఎలా పోగొట్టుకున్నావు అని అడగండి. బరువు బాగా తగ్గినా, తాగే నీళ్లు తేడా చేసి విరేచనాలు పట్టుకున్నా, నిద్రలో ఉలిక్కిపడుతున్నా వైద్యులకు చూపించండి.

వేళకు లేవటం, కంచం తనే కడుక్కోవటం, అన్నం దగ్గర ఫోను లేకపోవటం.. శిబిరం నుంచి తెచ్చుకున్న ఈ అలవాట్లు ఇంట్లోనూ కొనసాగాలంటే అవి మీకూ ఉండాలి. జూన్‌లో బడి తెరిచాక కూడా వారానికి రెండు రోజులు పాటకో, అడుగుకో, కుంచెకో చోటివ్వండి. అలా కాకపోయినా నష్టమేం లేదు. ఇంటికి దూరంగా పద్నాలుగు రాత్రులు గడిపి, మూడో రోజు ఏడ్చి, ఐదో రోజు నవ్వి, తన దుప్పటి తానే మడత పెట్టుకుని తిరిగొచ్చిన పిల్ల ఏమీ నేర్చుకోలేదని మాత్రం అనుకోకండి.